గేటు దగ్గర చేతులు చూసిన ఏళ్ళు

యేసు ప్రభువు సంగతి మా గడపలోకి మొదట తెచ్చింది కరుణమ్మ గారు. తెల్ల చీర, నల్ల గొడుగు, భుజాన గుడ్డ సంచి. మిషను వాళ్ళ తరఫున ఇంటింటికీ తిరిగి, బడికి వెళ్ళని ఆడవాళ్ళకు అక్షరాలూ బైబిలు వాక్యమూ కలిపి నేర్పేవారు. మా నాన్న పోర్టులో కళాసీ. అమ్మ మంచం పట్టిన మనిషి. తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ చూసుకునేది నేనే కాబట్టి నాకు బడి లేదు, కరుణమ్మ గారే నా బడి. మధ్యాహ్నం అంట్లు తోమడం అయ్యాక అరుగు మీద కూర్చునేవాళ్ళం.

పుస్తకం నా చేతికిచ్చే ముందు ఆవిడ తన రెండు చేతులూ నా ముందు చాపి, "ముందు నావి చూడు సుగుణా" అనేవారు. అరచేతులు చూసి, వెనక్కి తిప్పి గోళ్ళు చూసేదాన్ని. తర్వాత "ఇప్పుడు నీవి" అనేవారు. నా వేళ్ళకు మసి ఉంటే కడుక్కుని రమ్మనేవారు. ఎప్పుడూ కోప్పడలేదు. నాకదొక ఆటలా ఉండేది.

పెద్దయ్యాక నా ఉద్యోగమంతా చేతులు చూడటమే అయింది. రొయ్యలు విదేశాలకు పంపే ఒక ఫ్యాక్టరీలో శుభ్రత చూసే సూపర్వైజరుగా పనిచేశాను. అలాంటి చోట్ల ఇప్పుడు చేరుతున్న ఆడపిల్లలు మా చర్చి సంఘంలో ఉన్నారు. డిగ్రీలు చదివిన పిల్లలు. ఆదివారం గుడి అయ్యాక "ఆంటీ, మీరు అక్కడ ఏం చేసేవారు?" అని అడుగుతారు. వాళ్ళ కోసం రాస్తున్నాను. జీతం ఎప్పుడు పెరిగిందో, హోదా ఎప్పుడు మారిందో రాయను. నాకు నేర్పిన సంగతులు వేరే ఉన్నాయి.

పని అసలు ఏమిటంటే

మా ఫ్యాక్టరీ ఫిషింగ్ హార్బరుకు దగ్గర. పొద్దున్నే జాలరిపేట నుంచీ, చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ ఆడవాళ్ళు వచ్చేవారు. చీర మీద తెల్ల కోటు, తలకు టోపీ, కాళ్ళకు రబ్బరు బూట్లు వేసుకుని షెడ్డు గేటు ముందు వరుసలో నిలబడేవారు. ఒక్కొక్కరి చేతులూ నేను చూడాలి. గోళ్ళు పెరిగాయా, కోసుకుందా, గడ్డ లేచిందా, గజ్జి ఉందా. బాగుంటే క్లోరిన్ నీళ్ళలో చేతులు ముంచి లోపలికి వెళ్ళేవారు. బాగా లేకపోతే ఆ రోజుకు ఇంటికి. ఎవరి చేతులు ఎలా ఉన్నాయో రిజిస్టరులో రాసి నేను సంతకం పెట్టాలి.

చీము పట్టిన ఒక్క వేలు మొత్తం సరుకును పాడు చేయగలదు. కంటికి కనపడదు, వాసన రాదు, ఎక్కడో తిన్నవాళ్ళకు వాంతులవుతాయి. రొయ్య తల మీద ముల్లు ఉంటుంది. రోజుకు ఎన్నిసార్లు గుచ్చుకుంటుందో లెక్క లేదు. ఐసు నీళ్ళలో నానిన చర్మం మెత్తబడి ఇంకా తొందరగా చిట్లుతుంది. అంటే పని వల్లే చెయ్యి పాడవుతుంది, చెయ్యి పాడైతే పని ఉండదు. చేరిన రోజునే ఈ సంగతి నాకు అర్థమై ఉండాల్సింది. చాలా ఏళ్ళు పట్టింది.

ఆషాఢం వస్తే ఇంకో చిక్కు. అందరి చేతులూ గోరింటాకుతో ఎర్రగా ఉండేవి, ఆ ఎరుపులో చిన్న దెబ్బ కనపడదు. ఒక్కో వేలూ నొక్కి చూసేదాన్ని. ఎవరైనా "అబ్బా" అంటే దొరికినట్టే. నొప్పి ఉన్నా నవ్వుతూ నిలబడే గట్టివాళ్ళూ ఉండేవారు. పిల్లలూ, మీకు చెప్పేదేమిటంటే, కళ్ళతో చూడటం సగం పనే. నొక్కి చూడాలి, చూస్తూ ఆ మనిషి మొహం కూడా చూడాలి.

బొట్టు లేని మనిషి

నాకు బొట్టు లేదు, గాజులు లేవు. నేను ఏ దేవుణ్ణి నమ్ముతానో ఎవరూ అడగక్కర్లేదు. నా బల్ల పైన గోడకు చిన్న బైబిలు వాక్యం అట్ట ఉండేది. పని మొదలుపెట్టే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థించేదాన్ని. దాంతో ఆడవాళ్ళు నాకు ‘పార్దనమ్మ’ అని పేరు పెట్టారు.

గాజులు తీసి లోపలికి వెళ్ళాలని కొత్త రూలు వచ్చినప్పుడు అందరికంటే గట్టిగా అరిచింది పోలమ్మ. జాలరిపేట మనిషి, నలభై దాటాయి, షెడ్డులో ఆవిడంత వేగంగా రొయ్యలు ఒలిచేవాళ్ళు లేరు.

"మీకేటమ్మగోరూ, మీకు గాజులే లేవు! మొగుడు సముద్రం మీదున్నాడు, నాను గాజులు తీసీసి కూకోమంటారేటి? సక్కగుంది!"

చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. నాకు మాత్రం ఆవిడ మాట నిజమనిపించింది. నాకు లేని బరువును దించుకోమని ఇంకొకరికి చెప్పడం తేలిక. మా మేనేజరు రామ్మోహన్ గారిని అడిగి, మణికట్టు నుంచి మోచేతి దాకా గాజులను కప్పే రబ్బరు తొడుగులు తెప్పించాను. పోలమ్మ తొడుక్కుని, రెండు చేతులూ ఆడించి, "ఇదుగో, డాక్టరమ్మనైపోనాను" అంది. ఆ రోజు నుంచి నా మీద ఈగ వాలనిచ్చేది కాదు. ఎవరైనా కొత్తగా వస్తే, "మా పార్దనమ్మ అబద్దమాడదే" అని పరిచయం చేసేది.

ఆ మాట వింటే నాకు సంతోషంగా ఉండేది. కాస్త ఎక్కువ సంతోషంగానే ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆ సోమవారం

తొంభైల చివర అనుకుంటాను. రొయ్యలను సైజుల వారీగా వేరుచేసే చోట మరియమ్మ పనిచేసేది. మా సంఘం మనిషే. ఆ పొద్దున్న నేను వచ్చేసరికి బట్టలు మార్చుకునే గదిలో ఏడుస్తోంది. భర్త మళ్ళీ తాగి వచ్చాడట. "అక్కా, ఒక్క మాట ప్రార్థన చెయ్యి" అంది. మోకరించాం. నేను మొదలుపెడితే తొందరగా ఆపలేను, అది నా అలవాటు. బెల్లు మోగింది. వినపడింది. ఆమెన్ అని ముగించలేదు.

బయటికి వచ్చేసరికి గేటు ముందు వరుస పెరిగిపోయింది. లోపల ఐసు కరుగుతోంది, ఒక లోడు అప్పటికే బల్లల మీద పోసేశారు. లోపల్నుంచి కేకలు. నేను "పదండి, పదండి" అన్నాను. చేతులు చాపినవాళ్ళవి కూడా చూడలేదు, భుజం తట్టి పంపేశాను. వరుసలో పోలమ్మ వచ్చి కుడి బొటనవేలు పైకెత్తి, "అమ్మగోరూ, ఇది ఓపాలి సూడండి" అంది.

"తర్వాత చూస్తాలే, పద" అన్నాను.

తర్వాత చూడలేదు. మధ్యాహ్నం రిజిస్టరు తెరిచి, పేర్ల పక్కన పైనుంచి కింద దాకా ‘బాగున్నాయి’ అని రాసి సంతకం పెట్టాను. ఆ క్షణంలో అది అబద్ధమని కూడా తోచలేదు. ప్రార్థన చేసి వచ్చిన మనసు కదా, ప్రశాంతంగా ఉంది.

నేను చెప్పిన మాట

బోట్లు రాక మంగళ, బుధవారాలు షెడ్డు తెరవలేదు. గురువారం పొద్దున్నే ల్యాబు రిపోర్టు వచ్చింది. సోమవారం సరుకులో చీము వల్ల పుట్టే క్రిమి దొరికింది. సరుకంతా ఆపేశారు. రామ్మోహన్ గారు నాకంటే ముందే గేటు దగ్గరకు వచ్చి అందరి చేతులూ తనే చూశారు. పోలమ్మ బొటనవేలి మొదట్లో సగం ఎండిన గడ్డ కనపడింది.

ఆయన రిజిస్టరు పట్టుకుని నా బల్ల దగ్గరకు వచ్చారు. పోలమ్మ పక్కనే నిలబడి ఉంది.

"సోమవారం ఈవిడ చేతులు బాగున్నాయని రాశారు సుగుణమ్మ గారూ. అంటే మీ దగ్గరకు వచ్చినప్పుడు గడ్డ కనపడలేదు. దాచుకుని లోపలికి వెళ్ళిందన్నమాట. అంతేనా?"

పోలమ్మ నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, భయం లేదు. బస్సు వస్తుందని తెలిసినవాళ్ళు స్టాపులో నిలబడతారే, అలా నిలబడింది.

"రిజిస్టరులో రాసింది అదే సార్" అన్నాను.

విడదీసి చూస్తే ఆ వాక్యంలో అబద్ధం లేదు. రిజిస్టరులో రాసింది అదే. నలభై ఏళ్ళ విశ్వాస జీవితంలో నేను ఆడిన అన్నిటికంటే పెద్ద అబద్ధం అదే. ఆ సాయంత్రమే పోలమ్మను పనిలోంచి తీసేశారు. ఆవిడ భర్త అప్పటికి నాలుగు నెలలుగా ఇంట్లోనే ఉన్నాడు, బోటు మీద తాడు తెగి కాలు విరిగింది. ఇద్దరు ఆడపిల్లలు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆవిడ చేతుల మీదే.

మర్నాడు మరియమ్మకు చెప్పాను, ఉన్నదంతా ఒప్పేసుకుంటానని. ఆమె హడలిపోయింది.

"వద్దక్కా! మనం ప్రార్థనలో ఉండిపోయి చూడలేదని తెలిస్తే ఏమంటారు? ప్రార్థన వల్లే సరుకు పోయిందంటారు. దేవుడి బిడ్డవని ఇన్నాళ్ళూ నిలబెట్టుకున్న నీ సాక్ష్యం ఏమవుద్ది? నీ పేరు కాదక్కా, ప్రభువు పేరు పోద్ది."

ఆ మాట నాకు ఎంత హాయిగా తగిలిందో చెప్పలేను. నా భయానికి పవిత్రమైన పేరు దొరికింది. ప్రభువు పేరు కాపాడటానికే నోరు మూసుకున్నానని ఆ రోజంతా నమ్మాను. పిల్లలూ, మనలాంటివాళ్ళు పడే గోతి ఇదే. దొంగతనం చెయ్యం, లంచం పుచ్చుకోం. మంచివాళ్ళమన్న పేరు కాపాడుకోవడానికి మాత్రం ఇంకొకరి కూడు తీసేస్తాం.

పళ్ళెం

ఆ ఆదివారం మాకు ప్రభువు బల్ల, యేసును తలచుకుని రొట్టె పంచుకునే రోజు. తప్పు దాచుకుని ఆ రొట్టె తినకూడదు. రొట్టె పళ్ళెం వరుసలో ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి వస్తుంది. నా దాకా వచ్చింది. చెయ్యి చాపబోయాను. నా అరచెయ్యి కనపడింది. ఎంత శుభ్రంగా ఉందో! గోళ్ళు కత్తిరించి ఉన్నాయి, ఒక్క గీత లేదు. అందుకోలేకపోయాను. పళ్ళెం పక్కకు పంపేశాను. పక్కనున్న మరియమ్మ చూసింది, వెనక వరుసవాళ్ళూ చూశారు. మా సంఘంలో పళ్ళెం పంపేస్తే అడగరు గానీ అందరూ గమనిస్తారు.

గుడి నుంచి ఇంటికి వెళ్ళలేదు. బస్సెక్కి తిన్నగా జాలరిపేటకు వెళ్ళాను.

పోలమ్మ గుమ్మం ముందు గోనె మీద ఎండు చేపలు తిరగేస్తోంది. నన్ను చూసి లేచింది.

"ఏటమ్మగోరూ, ఆదోరం పూట! మీకు గుడి కదా?"

"గుడి నుంచే వస్తున్నా పోలమ్మా."

"ఒలే గుంటా, అమ్మగోరికి పీటెయ్యి" అని లోపలున్న కూతురికి కేకేసింది.

లోపల మంచం మీద నుంచి భర్త గొంతు వినపడింది. "ఈయమ్మేనేటి నువ్వు దినామూ సెప్పీది? మా పార్దనమ్మ, మా పార్దనమ్మ అని! బాగుంది మీ పార్దన!"

"నువ్వూరుకో. ఇంటికొచ్చిన మనిసి" అంది పోలమ్మ.

పీట మీద కూర్చోలేకపోయాను. నిలబడే అన్నాను. "సోమవారం నువ్వు వేలు చూపించావు. నేను చూడలేదు. చూసినట్టు రాశాను."

"అవును."

"మరి సారు అడిగినప్పుడు నువ్వు ఎందుకు చెప్పలేదు?"

పోలమ్మ ఆశ్చర్యంగా చూసింది. "నాను సెప్పడం దేనికమ్మా? మీరక్కడే ఉన్నారు కదా. మీరే సెప్తారని ఊరుకున్నాను. మీ మాట అలాగొచ్చేక, ఇంక నాను సెప్తే ఏటవుద్ది? నానే అబద్దమాడినట్టవుద్ది."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ కాసేపు ఏడవనిచ్చింది. తర్వాత, "ఇప్పుడేటి సేత్తారు?" అంది.

"రేపు సారుకు చెప్తాను."

"మీ పని పోతే?"

"పోనీ."

"పోనీ అనీకండమ్మా" అంది పోలమ్మ, చేపలు తిరగేస్తూ. "పని పోతే ఎలాగుంటాదో మూడ్రోజులై నాకు తెలుస్తంది."

మేనేజరు గారి గది

రామ్మోహన్ గారు భక్తీ గిక్తీ ఏమీ లేని మనిషి. కోపిష్టి. కానీ ఎవరు చెప్పినా చివరిదాకా వినేవారు. నేను చెప్పాను. "ఎందుకు ఆలస్యమైంది?" అని అడిగారు. నేనెక్కే గోపాలపట్నం బస్సు వల్ల అని చెప్తే నమ్మేవారే, ఆ బస్సు ఎప్పుడూ ఆలస్యమే. నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

"ప్రార్థనలో ఉండిపోయాను సార్."

"ఒక్కరేనా?"

"నా తప్పు వరకే చెప్తాను సార్."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మీకు దేవుడంటే భక్తి అని మిమ్మల్ని గేటు దగ్గర పెట్టలేదమ్మా. చేతులు చూస్తారని పెట్టాను."

ఇంతకంటే మంచి ప్రసంగం నేను జీవితంలో వినలేదు. ఆయనకు నేను రుణపడి ఉన్నాను.

కానీ ఒప్పుకోగానే అన్నీ చక్కబడలేదు. నన్ను గేటు నుంచి తీసి రొయ్యలు ఒలిచే బల్ల దగ్గర నిలబెట్టారు. అది న్యాయమే. పోలమ్మను మాత్రం వెంటనే తీసుకోలేదు. గడ్డతో రొయ్య ముట్టుకున్న మాట నిజమే కదా అన్నారు యజమాని. మేనేజరు గారు రెండుసార్లు అడిగినా కాదన్నారు. మరియమ్మ నాతో మాట్లాడటం మానేసింది. ఆదివారాలు గుడి నుంచి జాలరిపేటకు వెళ్ళేదాన్ని. ఇంకా పిలవలేదని చెప్పడానికి వెళ్ళడం ఎంత కష్టమో! పోలమ్మ ప్రతిసారీ టీ ఇచ్చేది. భర్త మాత్రం గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

బల్ల అవతల

ఒలిచే ఆడవాళ్ళు నన్ను ఊరికే వదల్లేదు. "రొయ్యని పార్దిస్తే తల ఊడదమ్మా, గిల్లాలి!" అని ఒకరంటే, "ఆమెన్ అనీసి లాగండి" అని ఇంకొకరు. నవ్వేదాన్ని. పదిరోజులకు వేళ్ళన్నీ నానిపోయి మంట. నెల తిరిగేసరికి ముల్లు గుచ్చుకుని నా బొటనవేలికీ గడ్డ లేచింది.

మర్నాడు పొద్దున గేటు దగ్గర ఏం చేశానో చెప్తాను. మిగతా వేళ్ళు చాపి, బొటనవేలు అరచేతిలోకి ముడిచాను. కొత్తగా వచ్చిన అమ్మాయి చూడలేదు. రెండు అడుగులు వేశాక ఆగిపోయాను. అంత జరిగిన తర్వాత కూడా నేను దాచాను. ఇంటికి పంపేస్తారన్న ఒక్క భయంతో దాచాను. వెనక్కి తిరిగి ఆ అమ్మాయికి చూపించి, తిన్నగా మేనేజరు గారి గదికి వెళ్ళాను.

"మళ్ళీనా?" అన్నారాయన.

"సార్, చూపిస్తే ఇంటికి పంపుతారంటే ఎవరూ చూపించరు. ఇప్పుడు నేనే చూపించలేదు. దెబ్బ తగిలినవాళ్ళకు అట్టపెట్టెలు మడిచే పని ఇవ్వండి, లేబుళ్ళు అంటించే పని ఇవ్వండి. రొయ్య ముట్టుకోని పని. అప్పుడు వాళ్ళే వచ్చి చూపిస్తారు."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని నా వేలు చూశారు. తర్వాత ఒక్కసారిగా నవ్వారు. నెల రోజుల్లో అదే మొదటి నవ్వు. యజమానితో ఏం మాట్లాడారో నాకు తెలియదు. ఆ వారంలోనే ‘పొడి పని’ అని ఒక బల్ల మొదలైంది. దానికి మనుషులు కావాల్సి వచ్చారు. పోలమ్మ అక్కడ రొయ్య ముట్టుకోదు కాబట్టి యజమాని కూడా కాదనలేదు. అలా ఆవిడ తిరిగి వచ్చింది, అట్టపెట్టెలు మడవడానికి. కొన్నాళ్ళకు మళ్ళీ ఒలిచే బల్లకు.

పొడి పని వచ్చాక దాచేవాళ్ళు దాదాపు లేకుండా పోయారు. పొద్దున్నే దూరం నుంచే, "అమ్మా, నాకు ముల్లు దిగింది" అని అరుస్తూ వచ్చేవారు. మీరు పనిచేసే చోట ఇలాంటి బల్ల లేకపోతే ముందు అది అడగండి. దేవుడి వాక్యం అట్ట తర్వాత తగిలించుకోవచ్చు.

మరియమ్మ ఒక మధ్యాహ్నం వచ్చి నా పక్కన కూర్చుని, టిఫిన్ డబ్బా మూతలో సగం పులిహోర పెట్టి నా వైపు తోసింది. అంతే. ఆ తర్వాత కూడా కలిసి ప్రార్థించాం, బెల్లుకు ముందు.

ముందు ఎవరివి

నాలుగైదు నెలల తర్వాత నన్ను మళ్ళీ గేటు దగ్గర పెట్టారు. మొదటి రోజు వరుసలో అందరికంటే ముందు పోలమ్మ నిలబడింది. "చెయ్యి" అన్నాను. చాపలేదు.

"ముందు మీయి సూపండి."

నేను రెండు చేతులూ చాపాను. పోలమ్మ పట్టుకుని, అరచేతులు చూసి, వెనక్కి తిప్పింది. ఒక్కో వేలూ నేను నొక్కినట్టే నొక్కింది, నొక్కుతూ నా మొహం చూసింది. కుడి బొటనవేలి దగ్గర ఆగింది.

"ఈ మచ్చేటి?"

"మానిపోయిందే."

"సరే. మీరు పనికొత్తారు" అని తన చేతులు చాపింది. వెనక నవ్వులే నవ్వులు.

అప్పుడు మా అరుగు గుర్తొచ్చింది, కరుణమ్మ గారు గుర్తొచ్చారు. ఆవిడ నేర్పిన పాఠంలో సగమే ఇన్నేళ్ళూ చేశాను. ఆ రోజు నుంచి నేను రిటైరయ్యే దాకా, వరుసలో మొదట ఎవరుంటే వాళ్ళు ముందు నా చేతులు చూసేవారు. ఎవరూ రూలు రాయలేదు.

పోలమ్మ మా గుడికి ఎప్పుడూ రాలేదు, నేను రమ్మని బలవంతపెట్టలేదు. గంగమ్మ పండక్కి నన్ను పిలుస్తుంది, క్రిస్మస్‌కు నేను కేకు తీసుకెళ్తాను. ఐసు నీళ్ళలో అన్నేళ్ళు నానిన ఆవిడ వేళ్ళు ఇప్పుడు వంకర పోయాయి. పూర్తిగా చాపలేదు. గ్లాసు పట్టుకోవాలంటే రెండు చేతులూ కావాలి. అయినా నేను వెళ్ళగానే పీట చూపించి, నా చేతులు చాపమంటుంది.

నా కోసం ఏమీ అడగను, దేవుడు నాకు చాలా ఇచ్చాడు. ప్రార్థించే అలవాటున్నవాళ్ళు మోకరించినప్పుడూ, లేనివాళ్ళు రేపు పనిలోకి వెళ్ళే ముందు చేతులు కడుక్కునేటప్పుడూ, నా చేతులు చూసిన జాలరిపేట పోలమ్మను ఒక్కసారి తలచుకోండి.